నకలు దిగింది... నడక రాలేదు!

తెరమీద ఆకుపచ్చ గీత చివరిదాకా పాకింది. నూటికి నూరు శాతం పూర్తయిందని సాఫ్ట్‌వేర్ శుభవార్త కూడా చెప్పింది. పాత హార్డ్‌డిస్క్ విప్పేసి, కొత్త ఎస్ఎస్‌డీ బిగించి, ఇక మన కంప్యూటర్ రాకెట్టే అనుకుంటూ బటన్ నొక్కితే... నల్లటి తెర. ఓ మూల తెల్లటి గీత టపటపా కొట్టుకుంటూ ఉంటుంది. లేదంటే 'రీబూట్ అండ్ సెలెక్ట్ ప్రాపర్ బూట్ డివైజ్' అన్న ఇంగ్లిష్ ముక్క. ఆపి మళ్లీ వేసినా అదే పాట!

క్లోనింగ్ చేసుకున్న చాలామందికి ఎదురయ్యే అనుభవమే ఇది. ఏడెనిమిదేళ్ల కిందట కొన్న కంప్యూటర్ ఇంకా పనిచేస్తున్న ఇళ్లు మనకు తక్కువేం లేవు. అది ఆన్ అయ్యేలోపు కాఫీ కలుపుకుని, తాగి, గ్లాసు కడిగి రావచ్చు. తిరిగే పళ్లెం ఉన్న పాత డిస్కు తీసేసి, కదిలే భాగమంటూ లేని ఎస్ఎస్‌డీ వేస్తే ఆ బాధ తప్పుతుంది. కాకపోతే విండోస్ కొత్తగా వేయించుకుంటే ప్రింటర్ దగ్గర్నుంచి ట్యాలీ దాకా అన్నీ మళ్లీ మొదట్నుంచి సర్దుకోవాలి. అందుకే క్లోనింగ్. అంటే ఉన్నదున్నట్టు జిరాక్స్ తీసినట్టు కొత్త డిస్కులోకి దింపేయడం.

దింపాక బూట్ కాలేదని షాపుకు తీసుకెళితే వచ్చే జవాబు దాదాపు ఒకటే. ''ఫార్మాట్ కొట్టేద్దాం సార్, గంటలో అయిపోద్ది!'' అయిపోతుంది, నిజమే. దాంతోపాటు మీరు క్లోనింగ్ ఎందుకు మొదలుపెట్టారో ఆ కారణం కూడా అయిపోతుంది. తలూపే ముందు ఓ అరగంట ఓపిక పట్టండి. ఇలాంటి కేసుల్లో సమాచారం చాలావరకు క్షేమంగానే ఉంటుంది. దాని దగ్గరకు వెళ్లే దారే ఎక్కడో తెగి ఉంటుంది.

సామాను వచ్చింది, చిరునామా రాలేదు

బటన్ నొక్కగానే విండోస్ లేచి కూర్చోదు. ముందు మదర్‌బోర్డులోని చిన్న చిప్‌లో ఉండే ప్రోగ్రామ్ మేల్కొంటుంది. పాత మెషీన్లలో దాని పేరు బయోస్, గత పదేళ్లుగా వస్తున్నవాటిలో యూఈఎఫ్ఐ. అది ఏ డిస్కు దగ్గరకు వెళ్లాలో చూసుకుని, అక్కడి బూట్‌లోడర్ అనే బుల్లి ప్రోగ్రామ్‌ను తట్టి లేపుతుంది. అది విండోస్‌ను లేపుతుంది. బూట్ల పట్టీలు పట్టుకుని తనను తానే పైకి లాక్కోవడం అనే ఇంగ్లిష్ జాతీయం నుంచే 'బూట్' అన్న మాట వచ్చింది. అంతేగానీ కాలికి వేసుకునే బూటుతో మన కంప్యూటర్‌కు వేరే పనేం లేదు!

ఈ తట్టిలేపే పద్ధతులు రెండు. పాతదాని పేరు ఎంబీఆర్. 1983లో పీసీ డాస్ రెండో వెర్షన్‌తో వచ్చింది. డిస్కులో మొట్టమొదటి 512 బైట్ల గడిలోనే దాని సంసారమంతా. నాలుగు ప్రధాన పార్టిషన్లకు మించి చోటు లేదు, మామూలు డిస్కుల్లో రెండు టెరాబైట్లు దాటి చూడలేదు. కొత్తదాని పేరు జీపీటీ. ఇందులో విండోస్ పార్టిషన్‌కు పక్కన, సాధారణంగా వంద ఎంబీ ఉండే ఓ చిన్న గది ఉంటుంది. ఈఎఫ్ఐ పార్టిషన్ అంటారు. బూట్‌లోడర్ కాపురం అందులోనే. మై కంప్యూటర్‌లో అది కనపడదు. అందుకే క్లోనింగ్ చేసేటప్పుడు చాలామంది సి డ్రైవ్ ఒక్కటీ టిక్కుపెట్టి, ఈ చిన్నదాన్ని ''ఇదేదో ఖాళీలే'' అని వదిలేస్తారు. ఇంటి సామానంతా లారీకెక్కించి తాళంచెవి పాత ఇంట్లో మరచిపోయినట్టన్నమాట.

ఇంకో చిక్కుంది. యూఈఎఫ్ఐ తన దగ్గర ఓ చిరునామా రాసిపెట్టుకుంటుంది. ఫలానా గుర్తింపు నంబరున్న పార్టిషన్‌లో ఫలానా ఫైలు అని. కొన్ని క్లోనింగ్ సాఫ్ట్‌వేర్లు కొత్త డిస్కుకు కొత్త నంబరు ఇస్తాయి. మనం ఇల్లు మారినా పోస్ట్‌మ్యాన్ మాత్రం పాత ఇంటి తలుపే కొడుతుంటాడు. అక్కడ ఎవరూ ఉండరు మరి!

మొదటి ప్రశ్న

ఎవరైనా ''క్లోన్ చేశాక బూట్ కావట్లేదు'' అనగానే అడగాల్సిన మొదటి ప్రశ్న కొత్త డిస్కు గురించి కాదు. ''పాత డిస్కు మళ్లీ పెడితే ఆన్ అవుతోందా?'' అవుతోందంటే మెషీన్ బాగున్నట్టే, తేడా కొత్త డిస్కు దారిలోనే ఉంది. అవ్వట్లేదంటే? అప్పుడు కథ వేరు.

గుంటూరు జిల్లాలోని ఓ చిన్న ఊళ్లో డీటీపీ సెంటర్ నడిపే పాఠకుడి సంగతి ఇదే. పేజ్‌మేకర్, అను ఫాంట్లు, పన్నెండేళ్లుగా వేసిన శుభలేఖలు, కరపత్రాలు, దినకర్మ కార్డులు... బతుకుతెరువంతా ఒక్క డిస్కులో. ఆ సాఫ్ట్‌వేర్ల సీడీలు ఎప్పుడో పోయాయి, ఉన్నా పెట్టడానికి సీడీ డ్రైవ్ పనిచేయదు. మెషీన్‌లో ఉన్నది విండోస్ 7. దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14నే ముగిసింది కాబట్టి ఇంటర్నెట్ వైరు పెట్టకుండా అచ్చుపనికే వాడుకుంటున్నారు. డిస్కు కిర్రుకిర్రుమంటోందని ఎస్ఎస్‌డీ తెప్పించి క్లోన్ చేశారు. బిగించి ఆన్ చేస్తే విండోస్ బొమ్మ కనపడీ కనపడకముందే నీలిరంగు తెర, రీస్టార్ట్. మళ్లీ నీలితెర. భయపడి పాత డిస్కు పెట్టారు. అదీ అంతే! క్లోనింగ్ చేస్తూ పాతదాన్ని కూడా పాడుచేసుకున్నానని ఆయన గుండెల్లో రాయి పడింది. ముహూర్తాల రోజులు... చేతిలో తొమ్మిది పెళ్లిళ్ల కార్డులున్నాయి. షాపులో మాత్రం షరామామూలే, ఫార్మాట్!

రెండు డిస్కులూ ఒకేసారి ఒకేలా చెడిపోవడం సాధారణంగా జరగదు. రెంటికీ ఉమ్మడిగా ఉన్నది ఆ మెషీనే కదా? బయోస్‌లోకి వెళ్లి తేదీ చూడమంటే, జనవరి 1, 2009 అని ఉంది. దొంగ దొరికాడు! మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. సీఆర్2032, మూడు వోల్టులు. కరెంటు తీసేసినప్పుడు గడియారాన్ని, పాత మెషీన్లలోనైతే బయోస్ సెట్టింగ్స్‌ను కూడా కాపాడేది అదే. ఆయన బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. కానీ యూపీఎస్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచడం వల్ల ఆ సంగతి బయటపడలేదు. డిస్కు మార్చడానికి మొదటిసారి ప్లగ్గు పీకారు, సెట్టింగ్స్ అన్నీ కొట్టుకుపోయాయి. అందులో సాటా మోడ్ ఒకటి. విండోస్ వేసిన రోజున అది ఐడీఈలో ఉంది. ఇప్పుడు దానంతటదే ఏహెచ్‌సీఐకి మారింది. ఆ డ్రైవర్‌ను లేచేటప్పుడే సిద్ధంగా ఉంచుకోని విండోస్ 7కి తన డిస్కే తనకు కనపడక నీలితెర వేసింది. కిరాణా కొట్లో కూడా దొరికే బ్యాటరీ ఒకటి మార్చి, మోడ్ తిరిగి ఐడీఈ పెట్టగానే పాతది లేచింది. ఆపి, కొత్తది పెట్టారు. అదీ లేచింది. క్లోనింగ్‌లో ఏ తప్పూ లేదు! ఫార్మాట్ కొట్టించి ఉంటే పన్నెండేళ్ల పని గాల్లో కలిసేది. బయోస్ అలాగే ఏహెచ్‌సీఐలో ఉండి కొత్త విండోస్ చక్కగా ఎక్కేసేది కాబట్టి, ఫార్మాటే మందని అందరూ నమ్మేవాళ్లు కూడా.

ఎక్కడ ఆగింది?

పాత డిస్కు బాగానే నడుస్తుంటే మాత్రం, కొత్తది ఏ మెట్టు దగ్గర ఆగిందో జాగ్రత్తగా చూడండి. ఫోన్‌తో తెరను ఫొటో తీసుకోండి. ఆ ఒక్క ఫొటో ఉంటే సగం వైద్యం అయినట్టే.

తయారీ కంపెనీ బొమ్మ తర్వాత నల్లతెర, తెల్ల అక్షరాలతో ఆగితే యంత్రం అసలు డిస్కు దాకా వెళ్లలేదు, లేదా వెళ్లినా బూట్‌లోడర్ దొరకలేదు. ముందు ఆన్ చేస్తూనే డిలీట్ గానీ ఎఫ్2 గానీ నొక్కుతూ బయోస్‌లోకి వెళ్లండి. కొత్త డిస్కు పేరు జాబితాలో ఉందా? లేకపోతే విండోస్‌తో పనిలేదు. కేబుల్ వదులైందో, పవర్ పిన్ను సరిగా దిగలేదో చూడాలి. బబుల్‌గమ్ బిళ్లలా పొడుగ్గా ఉండే ఎం.2 రకం ఎస్ఎస్‌డీలతో మరో తిరకాసు ఉంది. చూడ్డానికి ఒక్కలాగే ఉన్నా సాటా రకం వేరు, ఎన్‌వీఎంఈ రకం వేరు. మదర్‌బోర్డులోని స్లాట్ ఒకదాన్నే తీసుకునేదైతే రెండోది ఎంత నొక్కినా కనపడదు. బాగా పాత బోర్డులు ఎన్‌వీఎంఈ నుంచి అసలు బూటే కావు. సికింద్రాబాద్ సీటీసీ లాంటి చోట్లకు కొనడానికి వెళ్లేవాళ్లు మదర్‌బోర్డు మోడల్ నంబరు చీటీమీద రాసుకుని వెళ్తే మళ్లీ తిరగాల్సిన పని ఉండదు.

పేరు కనపడుతోందా? అయితే బూట్ ఆర్డర్‌లో దాన్ని మొదటికి తెచ్చి, 'విండోస్ బూట్ మేనేజర్' అన్న వరుస ఉంటే దాన్నే ఎంచుకోండి. అయినా కదలకపోతే పద్ధతుల తేడా అయి ఉండొచ్చు. పాత డిస్కు జీపీటీ, కొత్తది మాత్రం మొదటిసారి పెట్టినప్పుడు అడిగిన ప్రశ్నకు ఏదో నొక్కేస్తే ఎంబీఆర్ అయి కూర్చుంటుంది. పాత డిస్కుతో ఆన్ చేసి, రన్ బాక్సులో ఎంఎస్ఇన్ఫో32 అని కొడితే 'బయోస్ మోడ్' అనే వరుసలో లెగసీ అనో యూఈఎఫ్ఐ అనో ఉంటుంది. యూఈఎఫ్ఐ అయితే కొత్త డిస్కు జీపీటీ కావాలి. లెగసీ అయితే ఎంబీఆర్. తేడా ఉంటే బుర్ర బద్దలుకొట్టుకోవడం కన్నా, పాతది చేతిలో ఉంది కాబట్టి, ఈసారి పార్టిషన్లు ఏరుకోకుండా మొత్తం డిస్కును ఎంచుకుని మళ్లీ క్లోన్ చేయడమే సులువు.

నీలితెరపై సున్నా ఎక్స్ సి, ఆరు సున్నాలు, చివర ఇ... ఇలాంటి అంకె వస్తే బూట్‌లోడర్ దొరికింది గానీ, దాని పుస్తకంలో రాసి ఉన్న చిరునామా తప్పు. దీనికి వైద్యం ఇంట్లోనే చేసుకోవచ్చు. వేరే కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ వారి మీడియా క్రియేషన్ టూల్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్‌ను విండోస్ ఇన్‌స్టలేషన్ డ్రైవ్‌గా మార్చండి. పాత డిస్కు తీసేసి, పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి, భాష అడిగే తెర దగ్గరే షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే నల్ల కిటికీ వస్తుంది. డిస్క్‌పార్ట్ అని కొట్టి, లిస్ట్ వాల్యూమ్ అంటే అన్ని పార్టిషన్లూ వరుసగా వస్తాయి. విండోస్ ఉన్నది ఏ అక్షరమో పరిమాణాన్ని బట్టి గుర్తుపట్టండి. ఇక్కడ అది సి కాకపోవచ్చు. ఫ్యాట్32 అని రాసి ఉన్న చిన్నదే మన తాళంచెవి గది. అయితే పెన్‌డ్రైవ్ కూడా ఫ్యాట్32 అనే చూపించవచ్చు కాబట్టి వంద ఎంబీ దరిదాపుల్లో ఉన్నదాన్నే తీసుకోవాలి. సెలెక్ట్ వాల్యూమ్ అని దాని నంబరు ఇచ్చి, అసైన్ లెటర్ ఈక్వల్ టు ఎస్ అనాలి. తర్వాత ఎగ్జిట్. ఇప్పుడు అసలు మంత్రం. బీసీడీబూట్ అని ఒకే మాటగా, ఖాళీ వదిలి విండోస్ ఫోల్డర్ చిరునామా, ఖాళీ వదిలి స్లాష్ ఎస్, ఖాళీ వదిలి ఎస్ కోలన్, ఖాళీ వదిలి స్లాష్ ఎఫ్, ఖాళీ వదిలి యూఈఎఫ్ఐ. ఎంటర్ కొడితే బూట్ ఫైళ్లు సృష్టించానని ఒక్క వాక్యంలో జవాబిస్తుంది. పెన్‌డ్రైవ్ తీసి రీస్టార్ట్ చేయండి.

ఓ హెచ్చరిక. డిస్క్‌పార్ట్‌లో క్లీన్ అనే కమాండ్ ఉంది. పేరు చూసి శుభ్రం చేస్తుందనుకోకండి, పార్టిషన్ల పట్టికనే తుడిచేస్తుంది. ''మరోసారి ఆలోచించుకోండి'' అని అడగను కూడా అడగదు! ఇంకోటి, బూట్‌రెక్ కమాండ్‌కు ఫిక్స్‌బూట్ తగిలించి వాడమని చాలామంది సలహా ఇస్తారు. కొత్త విండోస్‌లలో అది తరచూ 'యాక్సెస్ ఈజ్ డినైడ్' అని తలుపేసుకుంటుంది. దానికోసం కుస్తీ పట్టక్కర్లేదు.

విండోస్ గుండ్రని చుక్కలు తిరిగాక, నీలితెరమీద 'ఇనాక్సెసిబుల్ బూట్ డివైజ్' అని వస్తే అది డ్రైవర్ గొడవ. సాటా డిస్కు నుంచి ఎన్‌వీఎంఈకి మారినప్పుడు ఎక్కువగా వస్తుంది. రెండు మూడుసార్లు ఇలా మధ్యలో ఆగిపోతే విండోసే రిపేర్ తెర చూపిస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ దాకా వెళ్లి సేఫ్ మోడ్‌లో ఒక్కసారి లేపితే, కొత్త డిస్కుకు కావలసిన డ్రైవర్‌ను తనే వెతుక్కుని గుర్తుపెట్టుకుంటుంది. ఆ తర్వాత మామూలుగా ఆన్ చేస్తే చాలాసార్లు సాఫీగా లేస్తుంది. అన్నట్టు, క్లోన్ చేసిన డిస్కును యూఎస్‌బీ పెట్టెలో ఉంచే బూట్ చేసి చూసేవాళ్లున్నారు. సాధారణంగా విండోస్ అలా లేవదు. దాన్నిబట్టి క్లోన్ పాడైందని తీర్పు చెప్పేయకండి, లోపల బిగించి చూడండి.

కవలల తగువు

కొత్తదీ పాతదీ రెండూ మెషీన్‌లోనే ఉంచి మొదటిసారి ఆన్ చేయడం మరో పెద్ద తలనొప్పి. ప్రతి డిస్కుకూ ఓ సంతకం ఉంటుంది. క్లోన్ అంటే సంతకం కూడా నకలే. ఒకే సంతకంతో ఇద్దరు ఎదురుపడితే విండోస్ ఒకదాన్ని పక్కకు కూర్చోబెడుతుంది. దాన్ని మనం డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి ఆన్‌లైన్ చేశామా, సంతకం మార్చేస్తుంది. పాత పద్ధతి డిస్కుల్లో అది బూట్‌కే ఎసరు. ఒక్కోసారి ఇంకా విచిత్రం జరుగుతుంది. లేచింది కొత్త డిస్కే అనుకుంటాం, నిజానికి బూట్‌లోడర్ పాతదాంట్లోంచే వస్తుంటుంది. నెల తర్వాత ఇంకేం అవసరమని పాతది పీకేస్తే అప్పుడు నల్లతెర! క్లోన్ అయిన వెంటనే కంప్యూటర్ ఆపి, ప్లగ్గు తీసి, పాతదాన్ని పూర్తిగా విడదీసి, కొత్తది ఒక్కదాంతోనే మొదటిసారి ఆన్ చేయాలనేది అందుకే.

పాత డిస్కులో చెడ్డ సెక్టార్లుంటే మాత్రం ఈ వైద్యాలేవీ పనిచేయవు. క్లోనింగ్ మధ్యలో ఆగి ఆగి నడిచిందా, ఎర్రర్లను దాటవేయనా అని అడిగిందా? అయితే మళ్లీ మళ్లీ క్లోన్ చేస్తూ దాన్ని అరగదీయకండి. ముందు ఫొటోలు, సర్టిఫికెట్లు, లెక్కల ఫైళ్లు మరోచోటికి కాపీ చేసుకోండి. అప్పుడు విండోస్ కొత్తగా వేయించుకోవడమే మంచిది. ఆ ఒక్క సందర్భంలో ఫార్మాట్ అబ్బాయి మాటే రైటు.

ఇంకా క్లోన్ చేయనివాళ్లకు ముందుగా చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. సెట్టింగ్స్‌లో డివైజ్ ఎన్‌క్రిప్షన్ గానీ, బిట్‌లాకర్ గానీ ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే 48 అంకెల రికవరీ కీ కాగితంమీద రాసుకుని, క్లోనింగ్‌కు ముందే దాన్ని ఆఫ్ చేయండి. చాలా కొత్త ల్యాప్‌టాప్‌లలో అది మనకు తెలియకుండానే ఆన్ అయి ఉంటుంది, కీ మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో దొరుకుతుంది. కొత్త డిస్కు పరిమాణం చూసి కంగారుపడకండి. 480 జీబీ అని కొన్నది విండోస్‌లో 447గా కనపడుతుంది. లెక్కించే పద్ధతిలో తేడా అంతే. విండోస్ 10 మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి, పాత మెషీన్‌కు ఎస్ఎస్‌డీ వేస్తే విండోస్ 11 కూడా ఎక్కేస్తుందని ఆశపడేవాళ్లూ ఉన్నారు. దానికి కావలసింది ప్రాసెసర్, టీపీఎం అనే భద్రతా చిప్. డిస్కు మారితే ఆ లోటు తీరదు.

అన్నిటికన్నా ముఖ్యం, దేన్నుంచి దేనిలోకి అన్నది. రెండు డిస్కులూ ఒకే సైజువైతే సోర్స్, డెస్టినేషన్ తారుమారవడానికి క్షణం చాలు. ఖాళీ డిస్కు వెళ్లి నిండు డిస్కు మీద కూర్చుంటే ఏ మెకానిక్కూ ఏం చేయలేడు. బిగించే ముందే రెంటి సీరియల్ నంబర్లలో చివరి నాలుగు అంకెలు చీటీమీద రాసి, తెరమీద కనపడేదాంతో సరిచూసుకోండి. పని పూర్తయ్యాక పాత డిస్కుకు తేదీ రాసిన చీటీ అంటించి బీరువాలో పెట్టండి. రెండు మూడు వారాలు కొత్తదాంతో ప్రింటర్, ట్యాలీ, ఫొటోలు అన్నీ వాడి చూశాకే దాన్ని యూఎస్‌బీ పెట్టెలో వేసి బ్యాకప్ కోసం ఫార్మాట్ చేసుకోవచ్చు, అదీ కిర్రుకిర్రుమనని డిస్కయితేనే!